కెమెరా ఆన్ చేయని అమ్మాయి

రత్నమాల టీచరు పంజాగుట్టలోని తన ఫ్లాట్‌లో, నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి వాటికి ఫోను ఆనించి, పదో తరగతికి లెక్కలు చెప్పేది. కరోనా ఏడాది అది. వినపడుతోందా అని అడగడానికే సగం సమయం పోయేది. ఒకరి మాట తెగిపోయేది, ఇంకొకరింట్లో కుక్కరు కూత పెట్టేది. బోర్డు లేకుండా త్రిభుజాలు నేర్పలేక ఆమె గొంతు పోయింది. ఆమె కష్టపడలేదని ఎవరూ అనలేరు. కానీ కష్టపడేవాళ్లు తప్పు చేయరని ఎవరన్నారు?

ఆ బడి అమీర్‌పేటలో, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య ఇరుక్కుని ఉండేది. ఐటీ ఉద్యోగాల కోసం ఊరంతా పరుగెడుతున్న రోజుల్లో తమ బడి వెనకబడలేదని చూపించుకోవాలని ప్రిన్సిపాల్ అచ్యుతరావుకు మహా తాపత్రయం. అందుకే ఒక నియమం పెట్టాడు. క్లాసు మొదలైన పది నిమిషాలకు పిల్లల ముఖాలన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కెమెరా ఆన్ చేయనివాళ్లను క్లాసులోంచి తీసేసి, ఆబ్సెంట్ వేయాలి. పిల్లలకు పాఠం అర్థమైందో లేదో ఎవడిక్కావాలి, ముఖాలు కనిపిస్తే చాలు.

బోరబండలో ఉండే అనుపమ మొదటిరోజు కెమెరా పెట్టింది. రెండోరోజు నుంచి పెట్టలేదు. రత్నమాల రోజూ స్క్రీన్‌షాట్ తీయడం, నల్లగా ఉన్న ఆ గడిని నొక్కి పిల్లను బయటికి పంపేయడం. పిల్లలందరి మైకులూ టీచరే మూసేస్తుంది కాబట్టి అనుపమ నోరు విప్పే వీలే లేదు. పెద్దపిల్ల, ఫోను చేతికొచ్చేసరికి చదువు మీద ధ్యాస పోయిందని రత్నమాల తేల్చేసుకుంది. ఒక్కసారి ఫోను చేసి అడిగితే ఏం పోయేది? అడగలేదు. పదకొండు రోజులు అలాగే గడిచాయి.

పన్నెండో రోజు అచ్యుతరావు ఆ పిల్ల తండ్రిని పిలిపించాడు. హాజరు చాలదు కనుక క్వార్టర్లీ పరీక్ష రాయనివ్వనని, ఆ మార్కులు లేకపోతే పదో తరగతి పబ్లిక్ పరీక్షకు పేరు పంపనని చెప్పేశాడు. మాస్కు కిందికి లాక్కుని మాట్లాడుతున్న ప్రిన్సిపాల్ ఎదుట మహిపాల్ నిలబడే ఉన్నాడు. పెయింటింగ్ పనిచేసే మనిషి. మేస్త్రీ ఫోను చేస్తేనే పని దొరుకుతుంది, అయినా ఉన్న ఒక్క ఫోనూ కూతురికి వదిలి వెళ్తున్నాడు. అతను సంచిలోంచి లెక్కల నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు.

ప్రిన్సిపాల్ రమ్మంటే బడికి వచ్చి అక్కడే ఉన్న రత్నమాల ఆ పుస్తకం తెరిచింది. ప్రతి పేజీలో తేదీ ఉంది. పాఠం పేరు ఉంది. ఐదారు వరుసల తర్వాత, వాక్యం మధ్యలోనే రాత ఆగిపోయింది. కింద అరపేజీ ఖాళీ. తర్వాత రాసుకుందామని పిల్ల రోజూ జాగా వదిలింది. పదకొండు రోజులకీ పదకొండు ఖాళీలు, అన్నీ రత్నమాల చేతి చలవే.

"మరి కెమెరా ఎందుకు పెట్టదు?" అని అచ్యుతరావు గద్దించాడు.

మహిపాల్ ఆ పూట వెంట తెచ్చుకున్న ఫోను తీసి వాట్సాప్ గ్రూపులో మొదటిరోజు ఫోటో చూపించాడు. నలభై గడుల్లో ఒకదాంట్లో అనుపమ ముఖం. ఆమె వెనక మంచం మీద పక్షవాతంతో పడున్న నాయనమ్మ బుచ్చమ్మ, ఆమెకు బట్టలు మారుస్తున్న తల్లి. ఫోటో కింద ఎవరో పెద్దమనిషి "ఇది క్లాసా, ఆసుపత్రా?" అని రాశాడు. దానికి తొమ్మిదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. చదువుకున్నవాళ్లే, అందరూ.

ఆ ఫోటో తీసి పంపింది రత్నమాలే. పంపేముందు ఒక్క గడి కూడా తేరిపార చూడలేదు.

"మాకున్నది ఒక్కటే అర్ర సార్, అందరం అండ్లనే ఉంటం. ఫోటో చూసి నా బిడ్డ రెండు దినాలు అన్నం తినలే" అన్నాడు మహిపాల్.

ఆ గంట సేపు మంచం వరండాలో వేసుకోవచ్చు కదా అన్నాడు అచ్యుతరావు.

"నన్ను కన్న అవ్వను బయట పండవెట్టమంటరా సార్?"

అచ్యుతరావు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. రత్నమాలకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంతో, తన మీద అంతకు రెట్టింపు.

"ఆ పిల్ల ఆబ్సెంట్ కాలేదు సార్, నేనే బయటికి గెంటాను. పదకొండు రోజులకీ హాజరు వేస్తున్నాను. తను పరీక్ష రాస్తుంది. రేపటి నుంచి నేను ఎవరి ఇల్లూ ఫోటో తియ్యను. కుదరదంటే పదో తరగతికి వేరే లెక్కల టీచరును చూసుకోండి" అంది.

సంవత్సరం మధ్యలో లెక్కల టీచరు ఎక్కడ దొరుకుతుంది? అచ్యుతరావు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మనసు మారి కాదు, గతిలేక. రత్నమాల ఫోటోను గ్రూపులోంచి తీయబోయింది, అందరి ఫోన్లలోంచి చెరిపే గడువు అప్పటికే దాటిపోయింది. తన ఫోనులో మాత్రం తీసేయగలిగింది. మిగతా ఇళ్లలో అది అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె అనుపమకు ఫోను చేసి తప్పు తనదేనని ఒప్పుకుంది, ఆగిపోయిన పాఠాలన్నీ మళ్లీ చెబుతానంది. పిల్ల గొంతు తగ్గించి చెప్పింది:

"టీచర్, నాయనమ్మకు ఎరుక లేదు గ్రూపుల ఆమె ఫోటో పడ్డదని. మీరు సుత ఎవరికీ చెప్పకుండ్రి."

అయ్యా, అమ్మా, బడులు నడిపే పెద్దలారా! పిల్లల ఇంటికి పాఠం పంపే హక్కు మీకుంది. ఆ ఇంటిని నలుగురికీ చూపించమనే హక్కు మీకెవరూ ఇవ్వలేదు.