జాజు పూసిన నెట్

నేరేడుచర్లలో పొద్దున్నే రైసుమిల్లు మొదలవుతుంది. ముందు దాని చప్పుడు వస్తుంది, తర్వాత ఊక దుమ్ము, ఆ తర్వాతే ఎండ. మిల్లు గోడకు ఆనుకున్న ఇంట్లో సోమమ్మ దుమ్మును తిడుతూ వాకిలి ఊడుస్తుంది. ఆమె భర్త మైసయ్య దొడ్డి తడిక తీసి, గొర్లన్నీ ఉన్నాయో లేవో ఒక్క చూపుతో సరిచూసుకుంటాడు. కూతురు నాగరాణి చల్లారిన చాయ్ పక్కన పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో తల దూర్చి కూర్చుంటుంది.

ఈలోగా ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. మైసయ్య ఈల వేస్తే తప్పిపోయినవి తిరిగొస్తాయి మరి. గొర్లే కాదు. మోతీబాయి కాలిపట్టీ కాలువలోంచి పొర్లుకుంటూ వచ్చింది. పాస్టర్ పౌలుకు జ్వరంలో పోయిన గొంతు ఆదివారానికల్లా చర్చి గుమ్మంలో నిలబడింది. పోయిన నిద్ర కోసం వచ్చేవాళ్లయితే ఎందరో. వచ్చి, చాయ్ తాగి, ఈల వేయించుకుని, తమది తాము తీసుకుపోతారు. పిండిగిర్నీకి పోయొచ్చినంత మామూలు పని.

నాగరాణికి మాత్రం ఆ ఈల రాలేదు. చిన్నప్పుడు నాలుక మడిచి ఎంత ఊదినా గాలీ ఉమ్మీ తప్ప ఏమీ వచ్చేవి కావు. గొర్లు తలెత్తి చూసి, పాపం అన్నట్టు మళ్లీ మేతలో పడేవి. ఆమె ఆ ఊసే వదిలేసింది. ఇంటర్ తప్పింది. మిర్యాలగూడలో పాత కంప్యూటర్ల దుకాణంలో ఊడ్చే పనికి చేరి, ఊడుస్తూనే విప్పడం నేర్చుకుంది, విప్పుతూనే బిగించడం నేర్చుకుంది. అక్కడ మూలకు పడేసిన ల్యాప్‌టాప్‌నే బాగుచేసుకుని తెచ్చుకుంది. దాని నెట్ వైరు పెట్టే రంధ్రం మాత్రం పిడుగుపాటుకు మాడిపోయింది. ఇంట్లో ఉన్నది మీటల ఫోను. గాలిలో వచ్చే నెట్టే దిక్కు.

ఆ రోజు పదకొండింటికి హైదరాబాదు కంపెనీవాళ్లు ఆమెతో వీడియోలో మాట్లాడాలి. దూరం నుంచే జనాల కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం. సర్టిఫికెట్లు అడగలేదు, చేతనైంది చూపించమన్నారు. ఇది తప్పితే రేపటి నుంచి మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు కుట్టాలి. మేనమామ తిరుపతి అక్కడ మాట్లాడి పెట్టాడు.

ఆ పొద్దే నెట్ రాలేదు.

తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. వాటి మీద పసుపు ముక్కోణం కూర్చుంది. సిగ్నల్ ఉంది, నెట్ లేదు. నాగరాణి గోడకున్న వైఫై డబ్బా ఆపి మళ్లీ పెట్టింది. దాని పచ్చలైటు నిమ్మళంగా వెలుగుతోంది. ల్యాప్‌టాప్ ఆపి పెట్టింది. కనెక్షన్ తీసేసి కొత్తగా కలిపింది. డ్రైవర్ తీసి మళ్లీ వేసింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. మిల్లు గోడవైపు పోతే గీతలు ఇంకా నిండుతున్నాయి, ముక్కోణం మాత్రం కదలదు.

"ఏందే, పసిపిల్లను ఊకుంచినట్టు దాన్ని సంకనేసుకొని తిరుగుతున్నవ్?" అంది సోమమ్మ. "మిర్యాలగూడ పోయి నెట్ సెంటర్ల కూసోరాదు?"

"బందే అమ్మా ఇయ్యాల. బస్సు లేదు, ఆటో లేదు. ఎగిరిపోవాల్నా?"

మైసయ్య గొంగడి భుజాన వేసుకుంటూ ఆగాడు. "ఈల ఎయ్యాల్నా బిడ్డా?"

"వద్దు నాయినా. జనాల నెట్ బాగుచేస్తనని ఉద్యోగం అడుగుతున్న. నా నెట్టే నేను బాగుచేసుకోకపోతే ఏ మొఖం పెట్టుకొని మాట్లాడాలె?"

"గొర్రెను నేను పిలుస్త. వచ్చినంక దాని కాలికి ముల్లు ఇరిగిందో, కడుపుబ్బిందో నువ్వు సూడు. నీ పని నీకే ఉంటది గదా."

నాగరాణి గోడ గడియారం చూసింది. "సరే. ఒక్కసారే."

మైసయ్య నాలుక మడిచి ఈల వేశాడు.

ఊళ్లో ఉన్న నెట్‌లన్నీ వచ్చేశాయి. గొర్రెపిల్లంత ఎత్తున్న మసక వెలుగులు. వాటి నుంచి కాగిన రేకు వాసన. బ్యాంకుది వచ్చింది, కాలేజీది వచ్చింది, సెల్ దుకాణానిది తోసుకుంటూ వచ్చింది. వాకిలి నిండిపోయింది. "ఇప్పుడే ఊడిస్తి!" అని సోమమ్మ చీపురుతో వాటిని పక్కకు జరిపింది.

గుమ్మం ముందు రెండు నిలబడ్డాయి. ఒకే పేరు, ఒకే మొఖం. నాగరాణి తెర వంక చూసింది. అక్కడ ఒక్కటే పేరుంది. ఇన్నాళ్లూ ఒక్కటే. ఇవాళ దాని వెనక రెండున్నాయి.

"ఇండ్ల మనదేదే?" అన్నాడు మైసయ్య.

ఆమెకు తెలియలేదు.

"గుర్తు పెట్టలేదా?"

కోసిన మళ్లలో మందలు కలిసినప్పుడు ఎవరివి వాళ్లు విడదీసుకోవాలని, ఏటా గొర్ల వీపున జాజు పూసేది నాగరాణే. ఎర్రమన్ను తడిపి, ఒక్క పిల్లను కూడా వదలకుండా పూసేది. అట్లాంటిది ఈ డబ్బాను కొన్ననాడు ఏ పేరుతో వచ్చిందో ఆ పేరుతోనే వదిలేసింది. పాస్‌వర్డ్ తాళం కూడా వేయలేదు.

గోడ మీంచి మిల్లు గుమాస్తా సాంసన్ తల కనిపించింది. "మైసన్నా, మాది గిట్ల మీ ఇంటికొచ్చిందా? నిన్ననే పెట్టినం, అప్పుడే పరారైంది!"

"ఏ దుకాణంల కొన్నరన్నా?" అంది నాగరాణి.

"నువ్వు కొన్నకాడనే. అదే రకం. లైను ఇంకా ఇయ్యలేదు, ఉత్త డబ్బానే ఎలుగుతుంది."

నాగరాణి నవ్వింది. మిల్లుది బలంగా ఉంది, కానీ దాని కడుపులో ఏమీ లేదు. ల్యాప్‌టాప్ వెర్రిబాగులది, పేరు ఒక్కటేనని బలిసినదాని వెంట పడి పోతోంది.

"సాంసనన్నా, జర మీ డబ్బా బంద్ చెయ్యి!"

రెండింట్లో ఒకటి ఆరిపోయింది. మిగిలినదాన్ని నాగరాణి దొడ్లోకి తోలింది. డబ్బాను కూడా తెచ్చి దొడ్డి గుంజకు కట్టింది, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని డబ్బా సెట్టింగుల్లోకి పోయింది. పేరు మార్చింది: జాజు. తాళం వేసింది. మిల్లుదానితో గుద్దుకోకుండా గాలిలో దాని దారి, ఛానెల్ కూడా మార్చింది. సోమమ్మ ఊరికే ఉండలేక, ముంతలో జాజు తడిపి తెచ్చి ఆ వెలుగు వీపున ఇంత పూసింది.

"ఇగ పెట్టుకో అన్నా!" అని నాగరాణి సాంసన్‌కు కేకేసింది.

మిల్లుది మళ్లీ వెలిగి, దొడ్డి దాకా వచ్చి నిలబడింది. ల్యాప్‌టాప్ దాని వంక కన్నెత్తి చూడలేదు. ముక్కోణం పోయింది.

మైసయ్య వాకిట్లోని పరాయి నెట్‌లను ఎవరింటివి వారింటికి తోలేశాడు. తర్వాత తన మందను తోలుకుని కోసిన మళ్లవైపు పోయాడు.

పదకొండింటికి తెర మీద కృపారాణి మేడం కనిపించారు. వెనక అద్దాల గది. "నాగరాణిగారూ, మీ వెనక ఏదో వెలుగుతోంది?"

"మా నెట్ మేడం. పడుకుంది."

"సరే. కస్టమర్‌కి సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ లేదు. మీరు ముందు..."

తెర మీద మేడం బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. నాగరాణి అన్నీ చూసుకుంది. తనది బాగుంది. జాజు నెమరేస్తున్నట్టు నిమ్మళంగా ఉంది. తప్పిపోయింది అటువైపుది. ఆమె దగ్గర మేడం ఫోన్ నంబరు లేదు. ఈ పిల్ల కాకపోతే ఇంకో పిల్లను పిలుచుకుంటారు.

"నాయినా!" అని అరిచింది.

"మీ నాయిన కాలువ దాటిండు," అంది సోమమ్మ. చీపురు కింద పెట్టి ఆమె కూడా తెర వంక చూస్తోంది. "నువ్వే ఎయ్యి."

"నాకు రాదమ్మా."

"నీకు ఏదొచ్చే మొదట్ల?"

నాగరాణి నాలుక మడిచింది. గాలి వచ్చింది. ఉమ్మి వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని, పొద్దున డబ్బా పేరు మార్చినంత మొండిగా, మళ్లీ ఊదింది.

ఈసారి ఈల పోయింది. మిల్లు చప్పుడును చీల్చుకుని పోయింది. సూర్యాపేట రోడ్డు పట్టి, బందును దాటి పోయింది.

మేడం పెదాలు కదిలాయి. "...ఏం అడుగుతారు? హలో? మా ఫ్లోర్ మొత్తానికి నెట్ ఒక్కసారే వచ్చేసింది! మీరా ఈల వేసింది?"

"నేనే మేడం."

"బాగుంది. ఇక్కడ మాకెవరికీ రాదు. ఊఁ, చెప్పండి."

"ముందు, పక్కింట్ల కొత్త డబ్బా ఏమన్నా పెట్టిండ్రా అని అడుగుత మేడం," అంటూ మొదలుపెట్టి నాగరాణి పొద్దుటి కథంతా చెప్పింది. మేడం మధ్యలో ఆపలేదు. చివరికి, "మా బిల్డింగులో అన్ని ఫ్లోర్లకీ ఒకటే పేరు," అని తనలో తాను అనుకున్నారు. "సోమవారం మొదలుపెట్టండి. మీ చేతుల మీదే మావన్నీ వేరుచేద్దాం. ఇక్కడికి రానక్కర్లేదు, అక్కడే కూర్చోండి."

సోమమ్మ అప్పటికే తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్ తిరుపతీ, బస్తాలు కుట్టెతందుకు ఇంకెవర్నన్న సూసుకోమను. మా పిల్లకు కొలువైంది!"

అంతలో వీధిలో దుమ్ము లేచింది. మంద మొత్తం పరుగెత్తుకుంటూ వచ్చి దొడ్లో పడింది. వెనకే మైసయ్య, గొంగడి జారిపోయి, రొప్పుతూ.

"ఎవలే నా మందను పిలిసింది?"

సోమమ్మ చీపురుతో నాగరాణిని చూపించింది. గొర్ల మధ్య, ల్యాప్‌టాప్ తలపైకెత్తి పట్టుకుని, తడి పెదాలతో నిలబడి ఉంది ఆమె.

మైసయ్య గొర్లను తోసుకుంటూ దగ్గరికి వచ్చాడు. గొంగడి దులిపి కూతురి భుజాన వేశాడు.

"ఇంకోపారి ఎయ్యి. నేను ఇనలేదు సరిగ్గ."

ఆమె వేసింది. గోడ అవతలి నుంచి సాంసన్ కేక వినిపించింది.

"మైసన్నా! మాది మళ్ల మీ ఇంటికే వస్తుందే!"