మేకుకున్న తాళంచెవి

ప్రేమలత చదవకుండా దేనిమీదా సంతకం పెట్టదు. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు తొందరపెట్టినా సరే, కాగితం చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చూశాకే పెన్ను ముట్టుకుంటుంది. హన్మకొండలో డిగ్రీ చదివిన రోజుల నుంచీ ఉన్న అలవాటు. స్టీలు సామాన్ల దుకాణం నడిపే భర్త వెంకట్రాజం "మా ఇంట్లనే కోర్టున్నది" అని గిరాకీలతో చెప్పి నవ్వుతుంటాడు.

ఆ రోజు కూడా ఆమె చదివే పెట్టింది. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, చదవకుండా పెట్టానని తనకు తాను చెప్పుకునే వీల్లేకుండా పోయింది.

ఎదురింటి జైతూన్ బీ బ్లౌజులు కుడుతుంది. ప్రేమలత ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. ఏటా కాజీపేట దర్గాలో జరిగే ఉర్సు ఉత్సవానికి ఇద్దరు కొడుకుల్నీ, ఇద్దరు కోడళ్లనూ, పిల్లల్నీ వెంటబెట్టుకుని కాజీపేటలో ఉన్న చెల్లెలి ఇంటికి పోతుంది. మూడు రోజులు అక్కడే. పోయే ముందు తలుపుకు తాళం వేసి, తాళంచెవి ప్రేమలత చేతిలో పెట్టి, "కోళ్లకు జర నూకలెయ్యి బిడ్డా" అంటుంది. పందొమ్మిదేళ్లుగా ఇదే వరస. ప్రేమలత వంటింటి గోడకు ఆ తాళంచెవి కోసమే ఒక మేకు ఉంది.

పోయినేడు ఉర్సు రెండో రోజున, పొద్దున పదింటికి, ఓంప్రకాశ్ గల్లీలోకి వచ్చాడు. బజారులో దుకాణదారులందరికీ పెద్దదిక్కుగా తిరిగే మనిషి, ఒక పార్టీకి ఆ డివిజన్‌లో అన్నీ తానే. వెంట ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగి ఉన్నాడు. గల్లీలో పదకొండు ఇళ్లలో ఎవరూ ఉండటం లేదనీ, వాళ్ల పేర్లు తీసెయ్యాలనీ ఓంప్రకాశ్ మనుషులు అర్జీ పెట్టారు. అన్నీ తురకోళ్ల ఇళ్లే. ఆ రోజు పదకొండింటికీ తాళాలే ఉన్నాయి.

"వదినా, ఇరుగుపొరుగు సాక్షి గావాలెనట. తాళమున్నదని ఒక్క సంతకం" అన్నాడు ఓంప్రకాశ్, గేటు మీద చెయ్యి వేసి.

ప్రేమలత కాగితం తీసుకుని చదివింది. 'ఇంటికి తాళం వేసి ఉన్నది. పిలవగా ఎవరూ పలకలేదు.' రెండు వాక్యాలు. రెండూ నిజమే. వాటి పైన 'ఓటర్ల జాబితా నుండి పేర్ల తొలగింపుపై విచారణ' అని ఉంది. అదీ చదివింది.

వెనక గడపలో నిలబడి వెంకట్రాజం చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "పెట్టెయ్యరాదే, పొయ్యి మీద పప్పు మాడుతాంది" అన్నాడు.

వాళ్లు ఎక్కడికి పోయారని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. గంట క్రితమే ఆ తాళం తీసి కోళ్లకు నూకలు చల్లి వచ్చిన చేత్తో సంతకం పెట్టి, లోపలికి పోయి పప్పు దించింది. పొయ్యి పక్కనే మేకుకు తాళంచెవి వేలాడుతోంది.

నెల తిరక్కముందే జైతూన్ బీ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు. తెలుగులో ఏ కాగితం వచ్చినా ప్రేమలత దగ్గరికే తెస్తుంది.

"ఏమున్నదో జర సదువు బిడ్డా" అని అరుగు మీద కూర్చుంది.

ప్రేమలత చదివింది. మీ ఇంట్లోని ఐదుగురూ ఈ చిరునామాలో నివసించడం లేదని ఫిర్యాదు వచ్చింది. గురువారం పదకొండు గంటలకు ఆఫీసులో విచారణకు హాజరు కావాలి. రాకపోతే ఐదు పేర్లూ తొలగించబడతాయి. అక్కడికి వచ్చి ఆగింది.

"ఇంక?"

"గంతే ఖాలా. కింద సంతకాలున్నయి."

"ఎవరియి?"

ప్రేమలత కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎదురింటి కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. పెద్దకోడలు నఫీసా కిటికీలోంచి ఇటే చూస్తోంది.

"నఫీసా పొద్దుగాల్నే సదివింది" అంది జైతూన్ బీ. "ఆ పిల్ల ఇంటర్ దాక తెలుగు మీడియమే. నేనే నమ్మలే. ప్రేమలత గట్ల చెయ్యదు, ఆమెనే అడుగుత అన్న. నీ నోటి నుంచి ఇందామని అచ్చిన. నువ్వేమో గా ఒక్క లైను మింగినవ్."

"ఖాలా, నేను సంతకం పెట్టింది తాళమున్నదని మాత్రమే..."

"నా తాళంచెయ్యి ఇటియ్యి."

ప్రేమలత లోపలికి పోయింది. ఉర్సు అయ్యాక తీసుకుపోవడం జైతూన్ బీకి వెంటనే గుర్తుండదు, ఈమె కూడా గుర్తు చెయ్యదు, అది నెలల తరబడి అక్కడే ఉంటుంది. మేకు మీంచి తీసి తెచ్చి ఇచ్చింది. జైతూన్ బీ దాన్ని చేత్తో తీసుకోలేదు. అరుగు మీద పెట్టమని వేలు చూపించి, పెట్టాక ఎత్తుకుని పోయింది.

ఆ సాయంత్రం ప్రేమలత భర్తతో, "గురువారం నేను ఆఫీసుకు పోతాన" అంది.

వెంకట్రాజం చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఎందుకు? తాళమున్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి అబద్ధమేమున్నది? వాళ్ల ఓట్లు ఏ డబ్బాల పడ్తయో నీకు తెల్వదా? ఓంప్రకాశ్ తోని పెట్టుకొని నేను బజార్ల కూసుంటనా? ఐదు ఓట్లు. ఐదు ఓట్లు పోతే ఆకాశం ఊడి పడ్తదా?"

"ఐదు ఓట్లకు ఏంగాదనుకుంటే ఆయన పండుగ దినం చూసుకొని ఇల్లిల్లు ఎందుకు తిరుగుతాండు?"

"బాగ సదివినవ్ గదా, గందుకే గిట్ల మాట్లాడుతానవ్. పో. పొయ్యి మీ ఖాలా కాళ్లు మొక్కు. మల్ల నన్ను దుకాణం కాడ ఎవడన్న ఏమన్న అంటె నా మొకం సూడకు."

బుధవారం ఓంప్రకాశ్ వెంకట్రాజానికి ఫోన్ చేశాడు. వదినకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లోనే ఉంచమన్నాడు. వెంకట్రాజం ఆ మాట ఆమెకు వినబడేలా గట్టిగానే, "చెప్పిన, ఇంటలేదు" అన్నాడు.

ఆఫీసు వరండాలో, అట్లాంటి కాగితాలే అందుకున్న గల్లీ ఆడవాళ్లు బుర్ఖాల్లో గోడవారగా నిలబడి ఉన్నారు. నఫీసా చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు: ఆధార్‌లు, కరెంటు బిల్లులు, పిల్లల స్కూలు రసీదులు. ప్రేమలతను చూసి పక్కకు జరగలేదు.

"మీరెందుకచ్చిండ్రు? ఇంకేమన్న సంతకం మిగిలిందా?"

జైతూన్ బీ కోడల్ని ఆపలేదు.

పిలుపు వచ్చింది. లోపల బల్ల వెనక నడివయసు ఆఫీసరమ్మ, పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఓంప్రకాశ్. కాగితం చూసి ఆఫీసరమ్మ, "ఈ సంతకం మీదేనా?" అంది.

"నాదే."

"రాసింది నిజమేనా?"

"గదే గదా మేడం" అన్నాడు ఓంప్రకాశ్. "తాళమున్నదా, లేదా, ఒక్క ముక్కల చెప్పు వదినా. అన్న దుకాణం కాడ ఎదురుసూస్తాండు."

"ఉన్నది" అంది ప్రేమలత. "దాని తాళంచెయ్యి గప్పుడు మా వంటింట్లనే ఉండె. ఆ పొద్దున నేనే తాళం తీసి కోళ్లకు నూకలేసిన. వాళ్లు యాడికీ పోలే, ఉర్సుకు పోయిండ్రు. ఏటా పోతరు. అది గల్లీల చిన్న పిల్లలకు గుడ ఎరికే. ఓంప్రకాశ్‌కు అందరికంటె ఎక్కువ ఎరికే, గందుకే ఆ మూడు దినాల్లనే అచ్చిండు."

ఓంప్రకాశ్ నవ్వాడు. "మరి గప్పుడు నోరెందుకు లెవ్వలే వదినా? నాలుక పొయ్యి మీద పెట్టి అచ్చినవా?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరమ్మ నవ్వలేదు. "అదే నేనూ అడుగుతున్నా. అప్పుడెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవ్వరు అడుగలే" అంది ప్రేమలత. అనగానే ఆ మాట ఎంత చిన్నగా ఉందో ఆమెకే వినిపించింది. తడబడి, మళ్లీ మొదలుపెట్టింది. "అడుగకున్నా చెప్పాలె. పైన ఏం రాసున్నదో సదివిన. పేర్లు తీసెయ్యడానికని తెలిసే పెట్టిన. గట్లనే రాసుకోండ్రి."

ఆమె చెప్పినది రాసి ఇచ్చారు. ప్రేమలత కళ్లద్దాలు పెట్టుకుని మొదటినుంచీ చదివింది. 'తెలిసే' అన్న మాట వదిలేశారు. అదీ రాయించి, సంతకం పెట్టింది.

జైతూన్ బీ ఇంటి ఐదు పేర్లూ ఉండిపోయాయి. విచారణకు రాలేకపోయిన రెండు ఇళ్ల పేర్లు పోయాయి.

వరండాలో ప్రేమలత జైతూన్ బీ దగ్గరికి పోయి, "ఖాలా, మీ పేర్లున్నయి" అంది.

"ఉండెటియే ఉన్నయి" అంది జైతూన్ బీ, చెప్పులు వేసుకుంటూ. "నువ్వేమన్న కొత్తగ ఇచ్చినవా?"

ఓట్ల రోజు వచ్చింది. ఎప్పుడూ ప్రేమలత, జైతూన్ బీ కలిసే పోయేవాళ్లు. తిరిగొస్తూ సిరా వేళ్లు పక్కపక్కన పెట్టి ఎవరిది నల్లగా పడిందో చూసుకునేవాళ్లు. ఈసారి జైతూన్ బీ కోడళ్లతో ముందే పోయింది. ఓటు చీటీ ఒక్కటే చాలు కదా అని ఎవరో అన్నా వినకుండా ప్లాస్టిక్ కవరు మొత్తం పట్టుకుపోయింది. ఆమె తిరిగి వచ్చేసరికి ప్రేమలత గేటు దగ్గర ఉంది.

"ఏసినవా ఖాలా?"

చాలా నెలల తర్వాత జైతూన్ బీ ఆమె ముఖంలోకి చూసింది.

"మిషిన్ బీప్‌మన్నది. లోపట ఎవరు ఏం సంతకం పెట్టుకున్నరో నాకేం ఎరుక?"

ఆ తర్వాత ఉర్సు మళ్లీ వచ్చింది. వెంకట్రాజం ఖాళీ మేకుకు దుకాణం క్యాలెండరు తగిలించాడు. ఓంప్రకాశ్ అటువైపు రావడం మానేశాడు, దుకాణానికి మాత్రం గిరాకీ కాస్త తగ్గింది.

మొదటి రోజు పొద్దున జైతూన్ బీ ఇంటి ముందు ఆటో ఆగడం, పిల్లలు ఎక్కడం, ముసలామె ఇటు తిరగకుండానే కూర్చోవడం కిటికీలోంచి ప్రేమలత చూసింది. ఆటో పోయాక కోళ్లు గుర్తొచ్చాయి. ఏం చెయ్యాలో ఆలోచించుకోకుండానే డబ్బాలోంచి గుప్పెడు నూకలు తీసుకుని వీధి దాటింది.

ఎదురింటి తలుపు రెండు రెక్కలూ గోడలకు ఆనేలా తీసి ఉన్నాయి. గడపకు అడ్డంగా కుట్టుమిషను లాక్కుని నఫీసా కూర్చుని ఉంది. కోళ్ల ముందు నూకలు అప్పటికే చల్లి ఉన్నాయి.

"నువ్వు పోలేదా ఉర్సుకు?" అంది ప్రేమలత.

"ఇంటికి తాళం పడొద్దన్నది అత్తమ్మ. ఇగ ఏటా ఎవరో ఒకరం ఉంటం. ఈయేడు నా వంతు."

నఫీసా సూదికి దారం ఎక్కించుకుంది. ప్రేమలత ఇంకా అక్కడే గుప్పిట మూసుకుని నిలబడి ఉండటం చూసి తల ఎత్తింది.

"తాళం లేదు, మంచిగ సూసుకోండ్రి. గావాలెనంటె రాసుకపోండ్రి."