కుడి రెక్కకో కత్తి

మా ఆయన డెల్బర్ట్‌కి కోపమొస్తే కత్తుల్ని తిడతాడు, నన్ను తిట్టే ధైర్యం లేక. ఆ మే నెల శనివారం షెరిడన్ ఊళ్ళో తోలు పనివాళ్ళ సంతలో అడుగుపెట్టామో లేదో, చేతిలో కాఫీ చల్లారకముందే కనిపించిన ప్రతి కత్తినీ తిట్టేశాడు. ఒకటి బరువట, ఇంకొకటి జారుతుందట, మరొకటి చేసినవాడికి బుద్ధి లేదట.

మా పనిలో కత్తి అంటే కూరలు తరిగేది కాదు. పెన్నులా నిలబెట్టి పట్టుకునేది. పైన వేలు ఆనించడానికో వంపు, దాని కింద గుండ్రటి పిడి, అడుగున బ్లేడు. చూపుడు వేలితో పైనుంచి అదుముతూ, బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పిడిని దొర్లిస్తూ లాగితే, తడి తోలు మీద గీత వంపులు తిరిగి పువ్వవుతుంది. ఆ దొర్లించడమే డెల్బర్ట్‌కి చేతకాకుండా పోయింది. చలికాలంలో బొటనవేలి కీలు వాచింది. మంచు కరిగింది గానీ వాపు దిగలేదు. ఏదైనా పట్టుకోగలడు, తిప్పలేడు.

ఇంటి దగ్గర బల్ల మీద జులైలో జరిగే రోడియో గుర్రాల పోటీలో గెలిచినవాడికి బహుమతిగా ఇవ్వాల్సిన జీను ఉంది. రెండు పక్కలా వేలాడే తోలు రెక్కల్లో ఎడమ రెక్క నిండా అడవి గులాబీలు. కుడి రెక్క బోడిగుండు. పోనీ వేరే ఎవరిచేతనైనా కోయిద్దామా అంటే, ఈ ఊళ్ళో జనం తోలు మీద కోత చూసి అది ఎవరి చెయ్యో చెప్పేస్తారు. రెండు రెక్కల మీద రెండు చేతులు కనిపిస్తే మమ్మల్ని చూసి గుర్రాలు కూడా నవ్వుతాయి.

"సోమవారం రోడియో కమిటీకి ఫోన్ చేసి, మావల్ల కాదు, ఇంకెవరికైనా ఇచ్చుకోండని చెప్పేస్తా" అన్నాడు ముందురోజు.

"చేద్దువు గానీ, ముందు సంతకి పద. నీ వేళ్ళకి తగ్గ కత్తి దొరక్కపోతుందా" అని లాక్కొచ్చాను.

పెళ్ళయిన కొత్తలోనే పని పంచుకున్నాం మేము. కోత ఆయనది, సుత్తి నాది. ఆయన కోసిన గీత వెంబడే నేను ఇనప ముద్ర పెట్టి కొడుతూ అంచు అణుస్తూ పోతే పువ్వు పైకి లేస్తుంది. "ఇంత లోతు ఎవడు కొయ్యమన్నాడు? నీ గోతుల్లో నా ముద్ర పడి చావాలా?" అని నేను, "కొట్టేదానివి కొట్టు" అని ఆయన. మా కాపురమంతా ఇదే పాట. ఆయన కత్తి మాత్రం నేనెప్పుడూ ముట్టుకోలేదు. మా తోలు పనివాళ్ళు అడిగితే లారీ అయినా అరువిస్తారు గానీ కోత కత్తి ఇవ్వరు. వేరే చేతి బరువు పడితే మొండికేస్తుందని నమ్మకం.

ఐడహో నుంచి కత్తులు చేసి తెచ్చి అమ్మే థేన్ బల్ల దగ్గరికి చేరేసరికి నాకు ఉత్సాహం ఆగలేదు. ఇత్తడివి, ఉక్కువి, నీలం రంగు తేలినవి, ఎన్ని కత్తులో! నగల కొట్లో కూడా నా కళ్ళు అంతలా మెరిసుండవు. పక్కనే తడిపిన తోలు ముక్క పరిచాడు. వచ్చినవాళ్ళంతా తలా ఒక వంకరో ఆకో కోసి చూసి పోతున్నారు.

"ఇదిగోన్నా, లావు పిడి. వాచిన వేళ్ళకి సుఖంగా ఉంటుంది" అని థేన్ ఒకటి తీసిచ్చాడు.

డెల్బర్ట్ పట్టుకున్నాడు. గీత తిన్నగానే బయలుదేరింది. మలుపు దగ్గర బొటనవేలు ఆగిపోయింది. తోలు చిరిగినట్టయింది.

"బ్లేడు మొద్దుబారింది."

"పొద్దున్నే పట్టీ మీద నూరానన్నా. వెంట్రుకని నిలువునా చీలుస్తుంది."

"అయితే తోలు ఎండింది."

నేను వేలితో నొక్కి చూశాను. "తోలు బంగారంలా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే!"

అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన వాచిన చేతిని జేబులో దాచుకున్నాడు.

"నీకంత తెలిస్తే నువ్వే చూసి ఏరు. నేను గిన్నెడు చిల్లీ కూర తెచ్చుకుంటా" అని విసురుగా వెళ్ళిపోయాడు.

సరే, ఏరమన్నాడుగా, ఏరతాను! థేన్ అవతల ఎవరితోనో బేరంలో పడ్డాడు. నేను ఒక్కొక్కటే పట్టి చూశాను. వెడల్పు బ్లేడు పొడుగు కాడల మీద హాయిగా పోయింది గానీ మలుపు రాగానే మొరాయించింది. ఇంకోటి మరీ పల్చన, కోసిన గీత మళ్ళీ మూసుకుపోతోంది. అంచు ఏటవాలుగా ఉన్న సన్న బ్లేడు ఒకటి పెట్టి చూశాను. అబ్బ! రేకు చుట్టూ తిరిగి, లోపలికి దూరి, అడిగినచోట ఆగింది. పైన వంపు నా వేలికి ఎత్తయిపోయింది. అయినా వేలు సాచి అందుకుని కోస్తూనే ఉన్నాను. ఒక రేకు, ఇంకో రేకు, కాడ, ఆకు. నాకు పువ్వు కొయ్యడం ఎవరూ నేర్పలేదు. నాకు తెలిసిన పువ్వు ఒక్కటే, డెల్బర్ట్ పువ్వు. జీవితమంతా సుత్తి పట్టుకుని దాని వెంటే నడిచాను.

"ఓహో! అన్న చేతికేం కాలేదన్నమాట!"

ఉలిక్కిపడి కత్తి కింద పెట్టేశాను. థేన్ తోలు మీదికి వంగి ఉన్నాడు.

"చూశావా వదినా, ఆ కాడ కొసన దొంగ మెలిక! ఈ మెలిక తిప్పడం అన్నకి తప్ప ఎవడికొచ్చు? ఊరికే మా కత్తుల్ని ఆడిపోసుకుంటున్నాడు గానీ. ఏ బ్లేడుతో కోశాడు?"

వెనకనుంచి చిల్లీ వాసన వచ్చింది. డెల్బర్ట్ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. మొత్తం విన్నాడు.

"అది నేను కొయ్యలా" అన్నాడు.

థేన్ నన్ను చూశాడు. నా మొహం కాలిపోయింది. సొంత మొగుడి జేబు కొట్టేస్తూ దొరికిపోయినట్టుంది నాకు.

"ఊరికే… కత్తి ఎలా ఉందో చూద్దామని" అన్నాను.

ఆయన గిన్నె థేన్ చేతిలో పెట్టి, కళ్ళజోడు దింపుకుని, తోలుకి ముక్కు తగిలేంత వంగాడు. ఎంతసేపటికీ లేవడు.

"ఇంకోటి కొయ్యి."

"ఇక్కడా? ఇంతమంది ముందా?"

"కొయ్యవే. చిల్లీ చల్లారిపోతోంది."

కోశాను. ఆయన చూస్తున్నాడన్న భయానికి మొదటి మలుపే జారింది.

"అంత బిగించి పట్టకు, అదేం దూడ కాదు పారిపోవడానికి. వేలితో అదుము, బొటనవేలితో తిప్పు. మణికట్టు తిప్పావంటే చంపుతా! ఆ… అదీ. వదిలేటప్పుడు బరువు తగ్గించుకుంటూ రా. అదీ!"

కాడ గాలిలో తేలినట్టు తిరిగొచ్చి, కొసన మెలిక దానంతటదే పడింది. నేను కేక పెట్టాను. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూశారు! డెల్బర్ట్‌కి ఇక పూనకమే. "థేన్, ఆ లావు పిడి తీసెయ్, ఆవిడ వేళ్ళు సన్నం. ఆ ఏటవాలు బ్లేడే ఉంచు, గులాబీలకి మలుపులెక్కువ. ఆకుల కొసలకి వెడల్పుది కూడా ఒకటి చూపించు. అది కాదయ్యా, మందంగా ఉండేది!" పొద్దుట్నించీ కత్తుల్ని తిట్టిన మనిషే ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి ఎత్తి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూస్తున్నాడు.

చివరికి సన్నటి ఇత్తడి పిడి ఒకటి తీసి నా చేతిలో నిలబెట్టాడు. పై అరలో ఉన్న సీసా కోసం సాచినట్టుంది నా వేలు.

"పైన వంపు దించు" అన్నాడు థేన్‌తో.

"దించితే నీ వేలికి కురచైపోతుందన్నా."

"నాకెందుకు?"

థేన్ స్క్రూ వదులు చేశాడు. డెల్బర్ట్ నా చూపుడు వేలు పట్టుకుని, వంపుని కొంచెం కొంచెంగా దించుతూ, సరిగ్గా ఆనేచోట ఆపాడు. జేబులో దాచుకున్న చేత్తోనే. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. రెండింటినీ ఆపుకోలేదు.

సోమవారం ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. కుడి రెక్కని తడిపి రాతి పలక మీద పరిచి, ఎడమ రెక్కని ఎదురుగా నిలబెట్టుకుని, ఊపిరి బిగబట్టి మొదటి గులాబీ కోశాను. గీత ఎక్కడా జారలేదు. తలెత్తి చూద్దును కదా, మా ఆయన నా కుర్చీలో కూర్చుని, నా సుత్తి ఒక చేత్తో, నా ముద్ర ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. ముద్రని తిప్పక్కర్లేదు, పట్టుకుంటే చాలు.

నేను కోసిన గీత వెంబడి టకటకమని కొట్టుకుంటూ వచ్చాడు. రేకు పైకి లేస్తోంది. సగం దాకా వచ్చి ఆగి, మొహం చిట్లించాడు.

"ఇంత లోతు ఎవడు కొయ్యమన్నాడే? నీ గోతుల్లో నా ముద్ర పడి చావాలా?"

"కొట్టేవాడివి కొట్టు" అన్నాను.