కాలవాయన మోకాలు

మా కాలవ రెండుగా చీలే చోట, తూము పక్కన, నీళ్ళలోకి దిగే మెట్టు మీద ఒక కంచు మనిషి ఉండేవాడు. టోపీ, పొడుగు కోటు, చేతిలో చుట్టిన కాగితం. పరాయి దేశంవాడు. ఈ కాలవ తవ్వించింది ఆయనే. పేరు మా నోటికి తిరిగేది కాదు. కాలవాయన అనేవాళ్ళం.

మొదట్లో పొడి మెట్టు మీదే నిలబెట్టారట. మట్టి మేట వేసి కాలవ అడుగు లేచాక ఆయన కాళ్ళు నీళ్ళలోకి వచ్చాయి. అప్పటి నుంచి తూము లెక్క ఆయన కాళ్ళ మీదే నడిచింది. నీళ్ళు ఆయన మోకాలు తాకితే ఎగువూరికి సరిపోయినట్టు. తూము కాసే తాత దిగువ షట్టరు ఎత్తేవాడు, మా ఊరికి నీళ్ళు వచ్చేవి. తాకకపోతే లేదు. దీని మీద రెండూళ్ళ మధ్యా పేచీ వచ్చింది లేదు. కంచు మోకాలితో ఎవడు వాదిస్తాడు?

నా నారుమడి బీటలు వారుతున్న రోజుల్లో ఆయనను పీకేశారు.

పూనుకొన్నది బడి మాస్టారు. మన దేశ చరిత్రను మలుపు తిప్పిన పరదేశుల గురించి ఆయన పిల్లలకు పుస్తకం రాస్తున్నాడు. మేలు చేసినవాళ్ళు ముందు భాగంలో, కీడు చేసినవాళ్ళు వెనక భాగంలో. కాలవాయన ఎటూ కుదరలేదట. ముందు పెట్టి, వెనక్కి మార్చి, మళ్ళీ ముందుకు తెచ్చి, చివరికి వెనకే ఖాయం చేశాడు. వెనక భాగం మనిషి తూము దగ్గర దర్జాగా నిలబడి ఉండటం ఏమిటని పైవాళ్ళకు అర్జీ పెట్టాడు. లారీ వచ్చింది, గొలుసు వేసి లాగారు.

"మీ ముత్తాతల వీపుల మీద కొరడా ఆడించి తవ్వించాడు" అని మాస్టారు గట్టు మీద నిలబడి చెప్పాడు. "మీ కోసం తవ్వించాడనుకుంటున్నారా? మన ధాన్యం పడవలకెత్తి తన దేశానికి తోలుకుపోవడానికి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా ముత్తాత ఆ తవ్వినవాళ్ళలో ఒకడు. కొడుతూ అటు చూస్తే మా పొలం కనిపించింది. కాలవ లేకపోతే అక్కడ ముళ్ళపొదలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆపాలో కొట్టాలో తోచక, పక్కవాడు ఆపినప్పుడు ఆపాను.

"ఆయన జాగాలో ఎవరొస్తారు మాస్టారూ?" అని ఎవరో అడిగారు.

"మన మనిషి."

"ఎవరూ?"

"కమిటీ ఇంకా తేల్చలేదు."

మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకొని తూము దగ్గరికి వెళ్ళాను. తాత షట్టరు చక్రం మీద చెయ్యేసి ఖాళీ మెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తాతా, నారు ఎండిపోతోంది. ఈ రోజు తడవకపోతే ఇక లేవదు."

"ఎత్తమంటే ఎత్తుతానయ్యా. నీళ్ళు మోకాటి దాకా వచ్చినయ్యో లేదో చెప్పు."

"నీకు తెలియదా? ఇన్నేళ్ళు చూశావు."

"ఆయన్ని చూశాను. నీళ్ళనెప్పుడు చూశాను?"

ఇంతలో మా బావ వచ్చాడు. మా అక్క మొగుడు, ఎగువూరి రైతు. మనిషి మంచివాడే, నీళ్ళ దగ్గర తప్ప.

"ఏం బామ్మర్దీ, తెల్లారకముందే తాతకి కబుర్లు చెబుతున్నావు? ఇంకా జానెడు రావాలి" అన్నాడు.

"ఎక్కడికి జానెడు?"

"మోకాటికి."

"మోకాలేది బావా?"

బావ మెట్టు వైపు చూశాడు. తరవాత తన మోకాలు చూసుకొన్నాడు, నాది చూశాడు. "నీ మోకాలు పనికిరాదులే. నువ్వు పొట్టోడివి, వాన చుక్క పడితే తడుస్తుంది."

కాసేపు గొణుక్కొని, కాలవాయననే కొలుద్దామని తేల్చుకొన్నాం. ఆయనను బడి వెనక రేకుల షెడ్డులో పడుకోబెట్టారు. తాడు పట్టుకొని బావా నేనూ వెళ్ళాం. విరిగిన బల్లల మధ్య పై రేకుల వైపు చూస్తూ ఉన్నాడు. పాదాలు లేవు. లాగినప్పుడు చీలమండల దగ్గర విరిగి, బూట్లు రెండూ కాలవలోనే ఉండిపోయినట్టున్నాయి. విరిగిన చోట చూస్తే లోపలంతా డొల్ల. ఇన్నాళ్ళూ ఆయన గట్టి మనిషి అనుకొన్నాను.

"పాదం లేకుండా మోకాలి ఎత్తు ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

"విరిగిన చోటు నుంచి మోకాటి దాకా కొలువు. అక్కడ బూటు పైఅంచున తాడు ఆనిస్తే సరి" అన్నాడు బావ. తెలివైనవాడు, కాదనలేను. తాడుకు ముడి వేసి తిరిగి వచ్చాం.

నేను నీళ్ళలోకి దిగబోతుంటే రెక్క పట్టుకొన్నాడు. "నువ్వు ఆగు. నీ చేతిలో తాడు పొట్టిదైపోతుంది."

పంచె ఎగ్గట్టి తనే దిగాడు. మెట్టు మీద కాలితో తడిమాడు. నీళ్ళు బురద రంగు, ఏమీ కనపడదు. "ఒకటి దొరికింది" అన్నాడు. రెండో బూటు కోసం అడుగు మార్చాడు. మార్చినవాడు మార్చినట్టే నిలిచిపోయాడు.

"ఏంటి బావా?"

"కాలు దిగింది."

"ఎక్కడికి?"

"బూట్లోకి" అన్నాడు మెల్లగా.

నవ్వొచ్చింది కానీ బావ మొహం చూసి ఆపుకొన్నాను. బూటులో పేరుకొన్న బురద పాదాన్ని లోపలికి పీల్చుకొంది. పైకి లాగితే విరిగిన అంచు చీలమండలో దిగుతోంది. నేను దిగి పట్టి చూశాను. చేతులు అక్కడి దాకా పెట్టాలంటే తల మునుగుతోంది. పైనుంచి వదిలిన నీళ్ళు అప్పుడే చేరుతున్నాయి. బావ తొడ తడిసింది. ఎగువ షట్టరు పూర్తిగా ఎత్తే ఉంది. మట్టం తగ్గాలంటే దిగువది ఎత్తడం ఒక్కటే దారి.

"తాతా, ఎత్తు" అన్నాడు బావ.

తాత కదల్లేదు. "తడిసినట్టేనా మరి?"

"నడుం దాకా వస్తోంది, కనపడట్లా?"

"నీ నడుం కాదయ్యా. ఆయన మోకాలు."

"తాడు జారిపోయింది. ముందు ఎత్తు తాతా, నీకు పుణ్యముంటుంది."

అలికిడికి మాస్టారు బడి వైపు నుంచి వచ్చాడు. గట్టు మీద నిలబడి సంగతి అడిగాడు. చెప్పాను. ఆయనకు సగమే అర్థమైనట్టుంది.

"మాస్టారూ, ఈయన్ని మీ పుస్తకంలో ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు బావ.

"వెనక భాగంలో."

"ఇంకా వెనక్కి పెట్టండి."

తాత చక్రం తిప్పాడు. షట్టరు కిర్రుమంటూ లేచింది. నీళ్ళు మా వైపు దూకాయి. బావ తొడ మళ్ళీ కనిపించింది, తరవాత పిక్క. నేను వంగి బూటులోని బురద గోకి తీసి, మడమ అటూ ఇటూ తిప్పి లాగాను. వచ్చింది. చీలమండ చుట్టూ గీరుకుపోయి నెత్తురు వస్తోంది. మాస్టారు తన రుమాలు ఇచ్చాడు.

అందరం గట్టున కూర్చున్నాం. మా కాలవలో నీళ్ళు పోతున్నాయి.

"ఇప్పుడు దించనా, ఉంచనా?" అన్నాడు తాత.

బావ రుమాలు బిగించుకొంటూ, "అది నా కాలి కోసం ఎత్తింది, వంతు కాదు" అన్నాడు. ముడి వేసి, "వంతేనేమో కూడా. చూడలేదుగా" అన్నాడు.

తాత మాస్టారు వైపు తిరిగాడు. మాస్టారు నా వైపు తిరిగాడు. నాది కాని వంతు తీసుకొంటున్నానా, నాదే తీసుకొంటున్నానా, నాకూ తెలియలేదు. తెలిస్తే ఏదో ఒకటి చెప్పేవాణ్ణే.

పార తీసుకొని లేచాను. నీళ్ళు నాకంటే ముందే పోతున్నాయి, ఎండుటాకులను నెట్టుకొంటూ. వెనక నుంచి తాత గొంతు వినిపిస్తూనే ఉంది. "ఎవరో ఒకరు చెప్పండయ్యా."

అడుగు పెద్దది చేశాను. నారుమడి దగ్గరికి చేరి, మడవ తెంపి, నీళ్ళు లోపలికి వదిలాను.