ఎడమ చెయ్యి

హిబారా ఊళ్ళో ఏ బడికి తనిఖీ వచ్చినా పిల్లలందరూ చేతులెత్తుతారు. ప్రశ్న ఏదైనా సరే, ఒక్క చెయ్యి కూడా బల్ల మీద ఉండదు. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచి ఎవరినో ఒకరిని పిలుస్తుంది, వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఆహా అనుకుంటుంది, అందరూ సుఖంగా ఇంటికి పోతారు. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, ఇప్పటి పిల్లల అమ్మమ్మలు కూడా ఇలాగే ఎత్తారట.

లెక్కల టీచరు ఒడాల్మిస్‌కి ఈ తంతు అంటే ఒళ్ళుమంట. అయినా ఆ సోమవారం పొద్దున్న పన్నెండో తరగతి తలుపు దగ్గరగా వేసి తనే ఆ మాట చెప్పింది.

"మీకు తెలుసుగా. కుడి, ఎడమ. నన్ను ముంచకండి."

"మీరు కూడానా టీచర్!" అన్నాడు ఓస్నియెల్, మొదటి బెంచీలోంచి.

"నేను కూడానే నాయనా. నువ్వు ముందు ఆ చొక్కా లోపలికి దోపుకో."

పిల్లలు నవ్వారు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు.

ఆమె భయపడటానికి కారణం ఉంది. సెప్టెంబరు నుంచి ఆమె చదువుని తలకిందులు చేసి పెట్టింది. బోర్డు దగ్గర చెప్పాల్సిన పాఠాన్ని ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని ఫోనులో వీడియో తీస్తుంది. శుక్రవారం బడి వదిలాక గేటు ముందు బాదంచెట్టు కింద పిల్లలు గుమిగూడి ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి దాన్ని పంపుకుంటారు. దానికి ఇంటర్నెట్టు కూడా అక్కర్లేదు. కరెంటు ఉన్న కాసేపట్లో ఛార్జి పెట్టుకుని, ఇంట్లో పాఠం చూసి రావాలి. బడికొచ్చాక పాఠం ఉండదు, లెక్కలే. పిల్లలు గుంపులుగా కూర్చుని కుస్తీ పడుతుంటే ఆమె బెంచీల మధ్య తిరుగుతూ, ఎవరెక్కడ బోర్లా పడ్డారో అక్కడే లేవదీస్తుంది.

దాంతో ఏమైందో ఊరంతా చూసింది. ఓస్నియెల్ అనేవాడు మూడేళ్ళుగా వెనక బెంచీలో గోడకి ఆనుకుని నిద్రపోయిన ఘనుడు. బోర్డు మీద పాఠం వాడికి ఎప్పుడూ అందలేదు. చెప్పేవాళ్ళ వేగం వేరు, వాడి వేగం వేరు. వీడియో వచ్చాక ఆపుకున్నాడు, వెనక్కి తిప్పుకున్నాడు, అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఎవరూ చూడట్లేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. క్రిస్మస్ నాటికి మొదటి బెంచీలోకి వచ్చి కూర్చున్నాడు. వాళ్ళమ్మ బజార్లో ఒడాల్మిస్‌ని పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనని చూసి ఎవరైనా సంతోషంతో ఏడవడం ఒడాల్మిస్‌కి అదే మొదలు. అందుకే ఈ పద్ధతంటే ఆమెకి ప్రాణం.

కానీ మునిసిపాలిటీ విద్యా కార్యాలయంలో కొందరికి ఇది నచ్చలేదు. టీచరు పాఠం చెప్పకుండా జీతం తీసుకుంటోందన్నారు. ఈరోజు తనిఖీలో తరగతి నెగ్గితే, మేలో జరిగే యూనివర్సిటీ ప్రవేశ పరీక్షల దాకా ఈ పద్ధతే సాగుతుంది. ఓడితే రేపట్నుంచి మళ్ళీ సుద్దముక్క.

తనిఖీకి వచ్చింది నిల్డా. పొట్టి మనిషి, చేతిలో విసనకర్ర, చెవులకి పెద్ద పోగులు. ఒడాల్మిస్‌కి చిన్నప్పుడు లెక్కలు నేర్పింది ఆవిడే.

"ఏమ్మా, పాఠం చెప్పని టీచరువి నువ్వేనా?" అంటూ లోపలికొచ్చింది.

"రండి మేడమ్. కాఫీ తెప్పించనా?"

"కాఫీకి లొంగే రోజులు పోయాయి తల్లీ. కానివ్వు." వెనక బెంచీలో కూర్చుని విసనకర్ర విప్పింది.

ఆనాటి లెక్క బకెట్టు. అడుగు సన్నంగా, పైన వెడల్పుగా ఉండే మామూలు నీళ్ళ బకెట్టు. అందులో ఎన్ని నీళ్ళు పడతాయో కొలవకుండా చెప్పాలి. గుంపుకొక బకెట్టు తెచ్చుకున్నారు పిల్లలు. టేపులు, గీతలు, గొడవలు మొదలయ్యాయి. "ఒరేయ్, అది బయటి కొలతరా, లోపలిది తియ్యి!" అని ఒకమ్మాయి ఓస్నియెల్ నెత్తి మీద మొట్టింది. వాడు నవ్వి, కొలత మార్చి, పక్కవాడికి ఎందుకో వివరించాడు. నిల్డా విసనకర్ర ఆగింది. ఆవిడ లేచి గుంపుల మధ్య తిరిగింది, ఓస్నియెల్‌ని రెండు ప్రశ్నలు అడిగింది. వాడు తడుముకోకుండా చెప్పాడు.

"నువ్వు మిరేయా కొడుకువి కదూ? మీ అన్నకి నేనే చెప్పాను. ఏడిపించుకు తిన్నాడు," అంది నిల్డా. ఆవిడ ముఖంలో మెప్పు కనిపించింది. ఒడాల్మిస్‌కి అప్పుడు గాని ఊపిరాడలేదు.

"సరే," అంది నిల్డా మళ్ళీ తన బెంచీ దగ్గరికి పోతూ. "ఒక్కటే ప్రశ్న. ఈ బకెట్టు లెక్కని మొదట్నుంచి బోర్డు మీద చేసి చూపించేది ఎవరు?"

చేతులన్నీ లేచాయి. ఒడాల్మిస్ కళ్ళు గబగబా వాటి మీదుగా పరుగెత్తాయి. కుడి, కుడి, కుడి. ఇన్ని కుడి చేతుల్ని ఆమె జన్మలో చూడలేదు. అప్పుడు కిటికీ పక్కన కనిపించింది ఒకే ఒక్క ఎడమ చెయ్యి. అది యెనిసేది.

యెనిసే ఒకప్పుడు తరగతిలో మొదటి పిల్ల. ఒక్కసారి వింటే చాలు, బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. డాక్టరు చదవాలని ఆశ. ఈ ఏడాది ఏం పుట్టిందో, రోజురోజుకీ వెనకబడింది. గుంపులో నోరు విప్పదు, అడిగితే తల దించుకుంటుంది. మొన్నామధ్య ఒడాల్మిస్ విసుగొచ్చి అందరి ముందూ అనేసింది కూడా: "డాక్టరమ్మా, ముందు పాఠం చూడటానికి తీరిక చేసుకో. రోగులు తర్వాత చూద్దువు గాని."

"ఓస్నియెల్, రా," అనబోయింది ఒడాల్మిస్.

"ఉండు, నేను పిలుస్తా," అంది నిల్డా. "కిటికీ దగ్గర, ఆ అమ్మాయి."

"మేడమ్, ఆ అమ్మాయి..."

"తాతకి దగ్గులు నేర్పకమ్మా. ఆ ఎడమ చేతుల మీద ఇరవై ఏళ్ళు బతికాను నేను."

యెనిసే బోర్డు దగ్గరికి వచ్చి బకెట్టు బొమ్మ వేసింది. పై వెడల్పు, కింది వెడల్పు కలిపి సగం చేసింది. తెలివైన పిల్ల పాఠం వినకపోతే చేసే తప్పే అది. పక్క గీతల్ని కిందికి సాగదీసి మొత్తం శంకువు చేసి, లేని కొనని అందులోంచి తీసెయ్యాలని వీడియోలో ఉంది. వీడియో చూసినవాళ్ళెవరూ ఆ తప్పు చెయ్యరు.

"పాఠం చూశావా?" అంది నిల్డా.

"లేదండి."

"ఎందుకు చూళ్ళేదు? నీ దగ్గర లేదా?"

"ఉంది. సీరియల్ చూస్తూ కూర్చున్నా. నాదే తప్పు."

ఆ మాట మరీ తొందరగా వచ్చింది. నిల్డా ముందుకొచ్చి ఒడాల్మిస్ పక్కన నిలబడింది. గొంతు తగ్గించింది గాని, మొదటి బెంచీకి వినపడుతూనే ఉంది. "చూడమ్మా, తరగతి బాగుంది. నేనిలాంటిది చూడలేదు, అబద్ధమెందుకు. కానీ ఒక పిల్ల మునిగిపోతోంది, దానికి కారణం నేను చెప్పాలి. పాఠం చేతిలో ఉండీ చూడకపోతే అది పిల్ల నిర్లక్ష్యం. అలాగే రాస్తాను, నీ పద్ధతికి మచ్చ ఉండదు. పాఠమే అందకపోతే మాత్రం తప్పు పద్ధతిది. ఏది రాయమంటావ్?"

నిర్లక్ష్యం అని ఒక్క మాట పడితే యెనిసే ప్రవర్తన మార్కు పోతుంది. దాంతో పాటు సీట్లిచ్చే మార్కుల వరుసలో ఆమె స్థానం, డాక్టరు సీటు కూడా పోతాయి. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు.

"ఫోను ఇలా ఇవ్వమ్మా," అంది ఒడాల్మిస్. "వీడియో ఉందో లేదో చూస్తాను."

యెనిసే కదల్లేదు. మళ్ళీ అడిగితే జేబులోంచి తీసి, ఎవరికీ కనపడకుండా అరచేత్తో కప్పి అందించింది. ఒడాల్మిస్ పట్టుకుంది. పట్టుకోగానే తెలిసిపోయింది. ఫోను ఎండిపోయిన నిమ్మకాయలా తేలిగ్గా ఉంది. వెనక రేకు ఉంది గాని లోపల బ్యాటరీ లేదు.

బ్యాటరీ ఎప్పుడు ఉబ్బిందో, ఎప్పుడు తీసి పారేశారో! ప్రతి శుక్రవారం బాదంచెట్టు కింద ఈ పిల్ల ఈ డొల్ల ఫోనుని చేతిలో పట్టుకుని అందరితో పాటు నిలబడింది, అందరితో పాటు వచ్చిందొచ్చిందని తలూపింది. ఒడాల్మిస్ కిటికీలోంచి చూసి మురిసిపోయింది. సెప్టెంబరులో మొదటి రోజున తనే అడిగింది, అందరి ముందూ, పెద్ద గొంతుతో: "ఫోను లేనివాళ్ళు చేతులెత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికీ ఉందనుకుంది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి ఎలా అనుకుంది? ఇక్కడ ఇంట్లో కాఫీ పొడి నిండుకుంటే ఆడవాళ్ళు ఖాళీ కప్పులో చెంచా తిప్పుతారు, పక్కింటికి చప్పుడు వినపడాలని. ఆమె తల్లి తిప్పింది. తనూ తిప్పింది.

"ఉందా?" అంది నిల్డా.

యెనిసే ఒడాల్మిస్‌నే చూస్తోంది. ఆ కళ్ళు వద్దంటున్నాయి. సీటు పోయినా ఫరవాలేదు, ఈ డొల్లని మాత్రం బయటపెట్టకు అని బతిమాలుతున్నాయి. మొదటి బెంచీలోంచి ఓస్నియెల్ కూడా ఆమెనే చూస్తున్నాడు. వాడు అడిగేదేమిటో ఆమెకి తెలుసు. ఉందని ఒక్క ముక్క అంటే చాలు, వీడు మేలో పరీక్ష గట్టెక్కుతాడు. వీడే కాదు, వీడిలాంటివాళ్ళు ఇంకా అరడజనుమంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉందని చెప్పాలని ఆమెకి ఎంత బలంగా అనిపించిందంటే, నోరు తెరిచాక గాని ఏం చెప్పబోతోందో తనకే తెలియలేదు.

"లేదు మేడమ్. పాఠం ఈ పిల్లకి అందలేదు. ఎప్పుడూ అందలేదు. అందిందో లేదో నేను సరిగ్గా కనుక్కోలేదు. నా తప్పని రాయండి."

ఫోనుని ఎవరికీ కనపడకుండా బోర్లించి యెనిసే చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

నిల్డా విసనకర్ర మడిచి సంచిలో పెట్టుకుంది. "రాస్తానమ్మా," అంది చివరికి. "నాకిష్టమై కాదు."

వరండాలో యెనిసే ఎదురొచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లో కృతజ్ఞత ఉంటుందని ఒడాల్మిస్ అనుకుంది, పిచ్చిది.

"మిమ్మల్నెవరు చెప్పమన్నారు టీచర్? ఇప్పుడు నా వల్లే పోయిందని అందరూ నన్ను తింటారు. నా మానాన నన్ను వదిలెయ్యాల్సింది!"

"వదిలేశాను కదే ఇన్నాళ్ళూ," అంది ఒడాల్మిస్.

ఉత్తర్వు వారం తిరక్కముందే వచ్చింది. మరో ఏర్పాటు జరిగేదాకా పాఠం బోర్డు మీదే చెప్పాలి. తరగతిలో యెనిసేతో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. కొందరు పిల్లలు తమ ఫోన్లు ఇస్తామన్నారు, ఆ పిల్ల పుచ్చుకోలేదు. పుచ్చుకున్నా ఉత్తర్వు మారేది కాదు.

ఉత్తర్వు వచ్చాక మొదటి తరగతిలో ఒడాల్మిస్ సుద్దముక్క తీసుకుని కొత్త పాఠం చెప్పింది. గోళంలో ఇరికించిన శంకువు. బాగా చెప్పింది, గొంతు బొంగురుపోయేలా చెప్పింది. బోర్డు నిండింది. తిరిగి చూస్తే యెనిసే కళ్ళు వెలుగుతున్నాయి, చాన్నాళ్ళకి. పెన్ను పరుగెడుతోంది. ఓస్నియెల్ వెనక బెంచీకి పోయి గోడకి ఆనుకున్నాడు.

"తర్వాతి మెట్టు ఎవరు చెబుతారు?" అంది ఒడాల్మిస్.

యెనిసే కుడి చెయ్యి రివ్వున లేచింది. ఆమెతో పాటు మరో రెండు చేతులు. ఒడాల్మిస్ యెనిసే పేరు పిలవబోయి ఆగింది.

గోడ దగ్గర ఒక ఎడమ చెయ్యి లేచి ఉంది. తనిఖీకి ఎవరూ రాలేదు. చెయ్యెత్తమని ఎవరూ అనలేదు.

"ఏంటి ఓస్నియెల్?"

"టీచర్," అన్నాడు వాడు మెల్లిగా. "కాస్త వెనక్కి తిప్పుతారా?"

ఎవరూ నవ్వలేదు. ఒడాల్మిస్ డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచి మొదట్నుంచి మొదలుపెట్టింది. సగంలో ఉండగా గంట కొట్టారు. పిల్లలందరూ లేచారు, ఓస్నియెల్ తప్ప. తలుపు దాకా వెళ్ళిన యెనిసే ఒక్క క్షణం ఆగి, వెనక్కొచ్చి, వాడి పక్కన బెంచీ మీద కూర్చుంది.