మొదటి సెల్యూట్‌కి ఇచ్చిన డాలరు

కాన్సస్‌లో మే నెల ఎండకు మాడు పగిలిపోతుంటే ఎల్డన్ ఓ ఘనకార్యం చేశాడు. కోటు విప్పి, మడిచి, మోచేతి మీద వేసుకున్నాడు. ఆ కోటు కుడిజేబులో 1921 నాటి వెండి డాలరు, ఎడమజేబులో 1893 నాటిది ఉన్నాయి. రెండూ ఒకేలాంటి ప్లాస్టిక్ కవర్లలో.

అమెరికా సైన్యంలో కొత్తగా ఆఫీసరైనవాళ్లు తమకు మొదటి సెల్యూట్ కొట్టిన సార్జెంటు చేతిలో వెండి డాలరు పెట్టాలి. ఇవాళ ఎల్డన్ కూతురు మార్లిస్ వంతు. ముప్పై డాలర్లు పలికే 1921ది అందుకోసమే తెచ్చాడు. రెండోది తాతగారిచ్చింది, పదివేలకు తగ్గదు. కార్యక్రమం కాగానే దాన్ని అమ్మి ఇంటికి కొత్త కప్పు వేయించాలి. రెండేళ్లుగా చినుకు పడితే చాలు, భార్య లోర్నా ఇల్లంతా బకెట్లు పరుస్తోంది.

"నాన్నా, డాలరేదీ? పిలుస్తున్నారు, తొందరగా!" అంటూ మార్లిస్ పరుగెత్తుకొచ్చింది.

కళ్లజోడేమో కారులో ఉండిపోయింది. మడిచిన కోటులో కుడేదో ఎడమేదో చూసుకోకుండా, చేతికందిన జేబులోంచి నాణెం తీసి, కవరు చింపి ఇచ్చేశాడు మహానుభావుడు.

కుర్చీలో కూర్చున్నాక లోర్నా గొంతు తగ్గించి అడిగింది. "మన కప్పు భద్రంగా ఉందా?"

"ఎక్కడికి పోతుందే?" అని నవ్వుతూ మిగిలిన నాణెం తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. 1921! ఇచ్చేసింది 1893ది!

తల ఎత్తేసరికి వేదిక మీద సార్జెంట్ ఒచోవా సెల్యూట్ కొడుతున్నాడు. మార్లిస్ తిరిగి సెల్యూట్ చేసి, చెయ్యి కలిపింది. నాణెం ఆ అరచేతిలోంచి ఈ అరచేతిలోకి మారింది. సార్జెంటు దాన్ని ప్యాంటు జేబులో పడేసుకున్నాడు. లోపల తాళాలు గలగలమన్నాయి.

"ఏమైందయ్యా? మొహం అలా పాలిపోయిందేం?"

"ఉక్కగా ఉంది."

ఉక్కా పాడా! ఆ తాళాలు గీసే ఒక్కో గీతకు ఎన్ని వందలు తగ్గుతాయో ఎల్డన్‌కు లెక్క తెలుసు. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాత నాణేలు తెచ్చి ఆయనకే చూపిస్తారు. ఎవరికీ ఒక్క సెంటు ఎక్కువా తక్కువా చెప్పి ఎరగడు.

కేకు పంచుతున్నచోట సార్జెంటు వెనకాలే తిరిగాడు. అతను అడుగు వేసినప్పుడల్లా గలగల, ఈయన లెక్కలో ఇంకో వంద తరుగు. 'పొరపాటైంది బాబూ, మార్చుకుందాం.' అంతే కదా అనాల్సింది! పక్కవాళ్లతో 'కేకు బాగుంది' అన్నాడు గానీ, ఆ మాట మాత్రం అనలేదు.

సార్జెంటే వెనక్కి తిరిగాడు. "మార్లిస్ నాన్నగారు కదూ? మీకోసమే చూస్తున్నాను సార్. నాణేల సంగతి మీకు కొట్టినపిండటగా." డాలరు తీసి ఎల్డన్ చేతిలో పెట్టాడు. "ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. దీని సంగతి వేరు. కాలేజీలో నా దగ్గర శిక్షణ పొందుతూ, రెండో ఏడు మీ అమ్మాయి చదువు మానేసి పెట్టె సర్దేసుకుంది, మీకు తెలీదనుకుంటా. మీకు మొహం చూపించలేక బస్టాండులో కూర్చుని ఏడుస్తుంటే, నాలుగు చివాట్లు పెట్టి వెనక్కి లాక్కొచ్చాను."

ఎల్డన్‌కు తెలీదు. ఆ ఏడాదంతా ఫోనులో 'బాగున్నాను నాన్నా' అనే చెప్పింది పిల్ల.

"ఇంతకీ ఇది అసలుదేనా సార్? ఎంత చేస్తుంది?"

ఎల్డన్ భూతద్దం తీశాడు. వెనకవైపు ఆకుల దండ కింద, దాని ఖరీదంతా నిలబెట్టే టంకశాల గుర్తు 'ఎస్' స్పష్టంగా ఉంది. ముందువైపు బొమ్మ చెంప మీద అప్పుడే పడ్డ తాళం గీత. భూతద్దం పట్టిన చేతిలోనే 1921 సిద్ధంగా ఉంది. మార్చేయడానికి రెప్పపాటు చాలు. అటు మార్లిస్ వీళ్లిద్దరినీ చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది.

"అసలుదే," అన్నాడు. "ఓ ముప్పై డాలర్లు చేస్తుంది."

జీవితంలో మొదటిసారి తప్పు ధర చెప్పాడు. జేబురుమాలు తీసి నాణెం చుట్టబెట్టి ఇచ్చాడు. "తాళాలతో కలిపి మాత్రం వేసుకోకు బాబూ, నీకు పుణ్యముంటుంది."

కారులో లోర్నాకు మొత్తం చెప్పేశాడు. ఆవిడ "మన పిల్ల బస్టాండులో ఏడ్చిందా?" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆయన చేతిలో మిగిలిన డాలరు లాక్కుంది.

"ఇదెంత?"

"ముప్పై."

"అయితే కారు బజారుకి పోనీ. బకెట్లు ఇంకో రెండొస్తాయి, పెద్దవి."