చీపురుకు దొరకని మాట

పొద్దున్నే కాఫీ కంటే ముందు అత్తగారు చీపురు పట్టేది. ముందుగది, నడవ, వంటింటి గుమ్మం, ఆఖరికి కొడుకు పనిగది. ఊడ్చేది దుమ్మును కాదు. దుమ్ముదేముంది, పాపం, దాని మానాన అది పడి ఉంటుంది. ఆవిడ ఊడ్చేది ముందురోజు ఇంట్లో ఎవరూ వినని మాటల్ని.

వినని మాట ఎక్కడికి పోతుంది? కిందే పడుతుంది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ పడేవి. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు, మాటలు వేరు డబ్బాల్లో వెయ్యండమ్మా అని చెత్తబండివాడు గొంతు చించుకునేవాడు. అదీ ఎవరూ వినరు గనక అతని అరుపులు వీధి పొడుగునా పడి ఉండేవి. మర్నాడు వాటినీ అతనే ఎత్తుకునేవాడు.

మాటల్లో రకాలున్నాయి. తిట్లు ఎండు పల్లేరుకాయల్లా అరికాలికి గుచ్చుకునేవి. గొప్పలు పొట్టులాంటివి, చీపురు తగలకముందే ఎగిరిపోయేవి. అడిగితే జవాబు రాని మాటలు మాత్రం మెత్తగా, తడిగా ఉండేవి. వాటిని వెంటనే తియ్యకపోతే బకెట్లో మరిచిపోయిన బట్టల్లా కంపు కొట్టేవి.

ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో వాళ్ళ అత్తగారు అన్నిటినీ కలిపి ఒక్క చేటలోకెత్తి అవతల పారబోసేది. "నాకు చదువుకోవాలనుంది" అని ఈవిడ మొగుడితో అన్న మాట కూడా అలాగే పోయింది. మొగుడు అప్పుడు పేపరు వెనకాల ఉన్నాడు. ఆ తర్వాత ఈవిడ పాత పుస్తకాలు కొనుక్కుని పొయ్యి పక్కన కూర్చుని తన చదువేదో తను చదువుకుంది గానీ, ఆ చేట మాత్రం మరిచిపోలేదు. చీపురు తన చేతికొచ్చిన రోజునుంచీ తడి మాటల్ని ఏరడం మొదలుపెట్టింది. ఏరి, పైటకొంగుతో తుడిచి, ఎవరికి చెందిన మాటను వాళ్ళ చెవిలో వేసేది.

"ఇదిగో, నిన్న నీ పెళ్ళాం అన్నది. చెవిన వేసుకో."

కొడుకు ముఖం చిట్లించేవాడు. కానీ వినేవాడు. ఆ సంసారం అలా చీపురు మీద నడిచింది.

కొడుకు ఉద్యోగం తెలిస్తే నవ్వాలో ఉమ్మెయ్యాలో తెలియదు. జనం ఫిర్యాదులు వినడం. పొద్దుట కుర్చీలో కూలబడి, చెవులకు రెండు డిప్పలు తగిలించుకుని, ఎక్కడెక్కడివాళ్ళ చెడిపోయిన ఫ్రిజ్‌ల గోడూ వినేవాడు. "మీ మాట మాకెంతో ముఖ్యం మేడమ్" అని తేనె కార్చేవాడు. ఆ పక్కనే పెళ్ళాం కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఏదో అంటే, మాట బొత్తిగా దిక్కులేనిదానిలా జారి కుర్చీ చక్రాల కింద పడేది. వాడు చక్రాలు దొర్లించేవాడు. పచక్. అత్తగారు పొద్దున్నే చాకు పెట్టి గీకాల్సి వచ్చేది. డిప్పలు తీశాక ఫోను. ఫోను పెట్టాక నిద్ర. ఆవిడ పొద్దున్నే ఎంత ఊడ్చినా రాత్రికల్లా మూలల్లో మాటలు చీలమండ దాకా పేరుకునేవి, అడుగువి కంపెత్తేవి.

ఆ కంపు కొడుకు ముక్కుకీ తగిలింది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? నోరు తెరిచి పెళ్ళాన్ని "ఏమన్నావు?" అని అడుగుతాడు. వీడు ఊడ్చే మిషను కొన్నాడు.

గుండ్రంగా, నల్లగా, బల్లపరుపుగా ఉంది. దానికి "బుజ్జి" అని ముద్దుపేరు కూడా పెట్టాడు. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో.

"అమ్మా, ఇక నీ నడుముకి విశ్రాంతి. అంతా ఇదే చూసుకుంటుంది."

"ఏరుతుందట్రా?"

"ఏరడమేమిటి?"

"పనికొచ్చే మాటల్ని."

"అన్నీ లాగేస్తుందమ్మా. చెత్తేగా!"

చెత్తేగా! ఆవిడకు ఒళ్ళు మండింది. "సరే, తిననీ. ఎంత తింటుందో చూస్తా" అని చీపురును మేకుకు తగిలించేసింది. తప్పు అక్కడే జరిగింది. మిషను మీద కోపంతో కాదు, కొడుకు మీద పంతంతో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పంతం పట్టినవాళ్ళు కూర్చుంటే పోయేది మధ్యనున్నవాళ్ళదే.

ఆ మిషనుకు మాట్లాడటం కూడా వచ్చు. "శుభ్రపరచడం ప్రారంభం" అంటుంది, "మూల తిరుగుతున్నాను" అంటుంది. ఎవడు వింటాడు? దాని మాటలు దాని ముందే టపటపా పడేవి. అది వెనక్కి తిరిగి వాటినీ నాకేసేది. "ఛీ! తన కక్కు తనే తినే జంతువుని ఇంట్లో పెట్టాడు" అని అత్తగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టేసేది. తాగబుద్ధయ్యేది కాదు.

ఇంతలో శనివారం వచ్చింది. కోడలు పెరట్లో దండెం దగ్గర ఆరిన బట్టలే మళ్ళీ మళ్ళీ దులుపుతోంది.

"ఏమ్మాయ్, ఆ చొక్కా నీకేం అపకారం చేసింది?"

"సోమవారం పొద్దున్న ఓడరేవులో ఉండాలి అత్తయ్యా. ఉద్యోగం వచ్చింది."

కోడలు ఏడాదిపాటు బస్సు మారి బస్సెక్కి క్రేన్ నడపడం నేర్చుకుంది. అంత ఎత్తు గదిలో ఒక్కతీ కూర్చుని, లారీలంత పెట్టెల్ని ఓడ మీంచి పూలసజ్జ దించినట్టు దించుతుందని నేర్పినాయనే మెచ్చుకున్నాడు. రేవు దూరం. అక్కడే ఉండి, సెలవులకు ఇంటికి రావాలి. సోమవారం వెళ్ళకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

"మరి వాడితో చెప్పావా?"

"బుధవారమే చెప్పాను. కింద పడింది." కోడలు చొక్కా మడతపెట్టింది. "మీరు ఎత్తి ఇస్తారులే అనుకున్నాను."

అత్తగారు లోపలి గోడ వైపు చూసింది. చీపురు మేకుకుంది. మాట మిషను కడుపులో ఉంది.

"ఇంకోసారి చెప్పవే."

"చెప్పను అత్తయ్యా. ఒక్క మాట ఎన్నిసార్లు పారేసుకోను? నాకే అసహ్యమేస్తోంది. ఆయన చెవిన పడితే వెళ్తాను, లేకపోతే ఇక్కడే ఉండి ఈ చొక్కాలే దించుకుంటాను."

అత్తగారు గబగబా లోపలికెళ్ళి మిషనును బొద్దింకను తిప్పినట్టు వెల్లకిలా తిప్పి, మూత ఊడబెరికింది. గుప్పుమంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపైన చెయ్యి పెట్టింది. లోపల వెంట్రుకల ఉండలు, గోళ్ళ ముక్కలు, వారం రోజుల మాటలు కలిసి గంజి పులిసినట్టు ఒకటే జిగురు. "ఉప్పు సరిపోయిందా" ఒకటి తగిలింది, సగం నలిగింది. "నా వైపు చూడు" ఒకటి, పట్టుకుంటే చీమిడిలా సాగింది. వాటి మధ్య మిషను తిన్న తన సొంత మాటలు, "మూల తిరుగుతున్నాను, మూల తిరుగుతున్నాను" అని గుట్టలుగా ఉన్నాయి. ఆవిడ తిట్టుకుంటూ మోచేతి దాకా దూర్చింది. అట్టడుగున దొరికింది. చిన్నది, చింతగింజంత. ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.

కడిగి, తుడిచి, కొడుకు పనిగదిలోకి వెళ్ళి ఒక చెవి డిప్ప లాగేసింది.

"అమ్మా! లైన్లో జనం ఉన్నారు!"

"ఇంట్లోనూ ఉన్నారురా. ఇది నీ పెళ్ళాం మాట. విను."

చెవిలో వేసింది. వాడు కళ్ళు మాత్రం తెర మీద పెట్టి, "ఆఁ, ఆఁ... తర్వాత చూద్దాంలే" అన్నాడు. మాట చెవిలోంచి జారింది, మెడ మీదుగా చొక్కా మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి. ఇన్నేళ్ళలో ఆవిడ చేత్తో వేసిన మాట కింద పడటం అదే మొదటిసారి. కొడుకు డిప్ప సర్దుకుని, "మీ మాట మాకెంతో ముఖ్యం సర్" అన్నాడు.

ఆ ముఖం తను కన్న ముఖమే. ఆవిడకు కుళ్ళిన పండును కొరికినట్టయింది.

ఆవిడ వంగి మాటను తీసుకుని పెరట్లోకి నడిచింది. ఇన్నాళ్ళూ ఆవిడకు ఒక్కటే తెలుసు, మాటను అది ఎవరితో అన్నదో వాళ్ళకే చేర్చాలి. దండెం దగ్గర ఆగి అరచెయ్యి చాపింది.

"వాడి చెవికి అడుగు లేదే తల్లీ. ఇది నువ్వే విను."

కోడలు ఆ గింజను అందుకుంది. తర్వాత తన చెవిలో వేసుకుంది.

తన గొంతు తనకే వినపడింది. "ఏమండీ... మీకు అభ్యంతరం లేకపోతేనే... నేను వెళ్ళనా?"

కోడలి ముఖం ముడుచుకుపోయింది. పాలు విరిగినప్పుడు పెట్టే ముఖం.

"ఛీ! ఇంత నంగిగా అడిగానా అత్తయ్యా?"

"అంతకంటే నంగిగానే అడిగుంటావు. కడిగేసరికి కాస్త తేలింది."

కోడలు ముందు నవ్వింది, తర్వాత ముక్కు చీదింది. బట్టల్ని రెండు కుప్పలు చేసి, తనవి మాత్రం లోపలికి తీసుకెళ్ళింది.

సోమవారం కొడుకు పొద్దెక్కాక గదిలోంచి బయటికొచ్చాడు. కాఫీ గ్లాసు రాలేదు మరి. వంటింట్లో చూశాడు, పెరట్లో చూశాడు, పెళ్ళాం బట్టల్లేని ఖాళీ కొక్కేలు చూశాడు.

"అమ్మా, అది ఏదీ? ఎక్కడికెళ్ళింది? వెళ్ళేముందు నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, పుస్తకం చదువుకుంటూ కాఫీ తాగుతోంది. పేజీ తిప్పింది.

కొడుకు మాటలు ఒకదాని వెనక ఒకటి నేల మీద పడ్డాయి. మెత్తగా, తడిగా.

గోడ వారనుంచి మిషను "శుభ్రపరచడం ప్రారంభం" అంటూ బయల్దేరింది. కుర్చీ దగ్గరకొచ్చి ఆగింది.

చీపురు మేకుకే ఉంది. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తకుండా, దానికి అడ్డం లేకుండా కాళ్ళు రెండూ పైకెత్తి పెట్టుకుంది.